తెప్పల రేవులో కామేశం డాక్టరు గారు

మా వీధి చివరి వడ్రంగి కొట్టులో ఇవాళ టేకు దుంగ కోశారు. కిటికీలోంచి ఆ వాసన రాగానే చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. పచ్చి టేకు కోస్తే కొత్త తోలు వాసన వస్తుంది, కొంచెం ఘాటుగా. ఈ వయసులో నాకు నిన్న తిన్న కూరేమిటో గుర్తుండదు. ఆ వాసన తగిలితే మాత్రం బస్తరు సంస్థానంలో శబరి నది ఒడ్డున ఉన్న మా కలప డిపో, అక్కడి డాక్టరు కామేశం గారి ముక్కుపొడుం తుమ్ములతో సహా కళ్ళముందుకొస్తుంది. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు. అందుకని రాస్తున్నాను.

అప్పట్లో రాజావారి అడవిలో టేకు కొట్టుకునే హక్కును మా కంపెనీ వేలంలో పాడుకుంది. దుంగల్ని ఎద్దులతో రేవుకు లాగించి, తేలడానికి వెదురు కలిపి తెప్పలు కట్టి, శబరిలో కూనవరం దాకా, అక్కణ్ణుంచి గోదావరి మీద రాజమండ్రికి పంపేవాళ్ళం. నేను డిపో మేనేజర్ని. ఉద్యోగం కొత్త, మీసం కూడా కొత్తే. పనివాళ్ళ ఆరోగ్యం చూడటానికి కంపెనీ జీతమిచ్చి పెట్టుకున్న డాక్టరు కామేశం గారు. ఎవరికి ఏ జబ్బుందో మేనేజరుకు తెలిసి ఉండాలన్న ఉద్దేశంతో, చేరిన రోజే ఆయన గదిలోకి నేరుగా వెళ్ళిపోయాను. లోపల ఒక రంపపు కూలీ చొక్కా విప్పి నిలబడి ఉన్నాడు.

“మీకేమన్నా ఒంట్లో బాగాలేదా?” అన్నారు డాక్టరు గారు.

“లేదండీ. నేను కొత్త మేనేజర్ని.”

“దానికి నా దగ్గర మందు లేదు. బయట కూర్చోండి.”

ఆ మంట నాకు చాలా రోజులు చల్లారలేదు. అయితే ఆయన గదిలో కూర్చునే రకం కాదు. పొద్దున్నే పని జరిగే చోటల్లా తిరిగేవారు. దుంగను గుంట మీద పెట్టి కోసేటప్పుడు, కింద నిలబడి రంపం లాగే మనిషి కళ్ళ నిండా పొట్టు పడేది. పైవాడు కిందికి, కిందివాడు పైకి పూటపూటకీ మారాలనీ, కిందివాడు కళ్ళకు పల్చటి గుడ్డ కట్టుకోవాలనీ చెప్పారు. పని కుంటుపడుతుందని నేను గునిశాను. “కళ్ళు వాచి వాడు ఇంట్లో పడుకుంటే రంపం మీరు లాగుతారా?” అన్నారు. కొన్నాళ్ళకు కళ్ళకలకతో పని మానేవాళ్ళు తగ్గారు, కోత పెరిగింది. రాజమండ్రి నుంచి యజమాని మెచ్చుకోలు మాత్రం నా పేరిట వచ్చింది. నేను హాయిగా పుచ్చుకున్నాను.

ఇక గంగయ్య సంగతి. గంగయ్య దోర్ల తెగ మనిషి, మా తెప్పలన్నిటినీ నీటి మీద నడిపించే సరంగు. నడి వయసు దాటినా గడ పట్టుకుని ముందు తెప్ప మీద నిలబడితే చూడముచ్చటగా ఉండేవాడు. వానలు తగ్గి, శబరి ఇంకా నిండుగా పారుతున్న రోజుల్లో, తెప్పలు కదలబోయే ముందు, డాక్టరు గారు అతన్ని నా ఆఫీసుకు వెంటబెట్టుకొచ్చారు.

“ఇతను ఇక నీటి మీదికి వెళ్ళకూడదండీ. గొడ్డలి, రంపం చేతికివ్వొద్దు. ఒడ్డున, నలుగురి మధ్య, మిగతా ఏ పనైనా చేస్తాడు.”

“ఏమిటి జబ్బు?”

“జబ్బు అతనిది. పని సంగతి అడగండి, చెప్తాను.”

“మీకు జీతమిచ్చేది కంపెనీ కదా డాక్టరు గారూ!”

“అందుకేగా చెప్తున్నాను. తెప్ప మీదికి పంపితే మనిషీ దక్కడు, తెప్పా దక్కదు. పని మానిపించారా, రేపటినుంచి ఒక్కడూ నా గడప తొక్కడు. జ్వరాలు దాచుకుని పనిలోకొచ్చి అడవిలో పడిపోతుంటారు. అప్పుడు మీరూ నేనూ ఇక్కడ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి.”

గంగయ్య నేలచూపులు చూస్తూ అన్నాడు: “నేను నీళ్లల్లనే పెరిగిన దొరా. ఒడ్డున కూసుంటే నన్నెవడు మనిషంటడు?”

“కూర్చోమని ఎవరన్నారయ్యా?” డాక్టరు గారు కసిరారు. “తెప్పలు కట్టించు. ముడి వదులైతే ఎంత గొప్ప సరంగైనా మునగాల్సిందే.”

నీటి మీదికి వెళ్ళలేని సరంగును పనిలో ఉంచుకునే అలవాటు మా కంపెనీకి లేదు. నేను ఒక్క మాటంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. చివరికి తెప్పలు కట్టించే పని అతనికే ఇచ్చాను. అది డాక్టరు గారి మీద నమ్మకంతో కాదు, ఆయన నోటికి భయపడి.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను రేవులో ఉండగానే గంగయ్య ఒక్కసారిగా వెనక్కి విరుచుకు పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. మూర్ఛ! మన ఇళ్ళల్లో అందరూ చేసే పనే నేనూ చేశాను. మొలనున్న తాళాల గుత్తి తీసి అతని గుప్పిట్లో పెట్టబోయాను. ఈలోగా తెప్పలు కట్టే కూలీలు, ఎవరూ చెప్పకుండానే, వెదుళ్ళు పక్కకు లాగేశారు. ఒకడు తన తలగుడ్డ మడిచి గంగయ్య తల కింద పెట్టాడు. కొట్టుకోవడం నెమ్మదించగానే ఇంకొకడు అతన్ని పక్కకు ఒత్తిగిలించాడు. ఎవరికీ కంగారు లేదు. డాక్టరు గారు వచ్చి నా చేతిలోని గుత్తి చూశారు.

“అది ఇనప్పెట్టెకు పనికొస్తుంది, దోపుకోండి.”

“వీళ్ళకిదంతా ఎలా తెలుసు?”

“తోటివాళ్ళకు నేర్పమని గంగయ్యే అడిగాడు. నేర్పాను.”

అంటే రేవంతటికీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలియదు. ఎందుకు తెలియనివ్వలేదో గంగయ్య కళ్ళు తెరిచాక అర్థమైంది. కాస్త తేరుకోగానే అతను డాక్టరు గారి వైపు చూడలేదు, నా వైపు చూశాడు. అంత భయం నన్ను చూసి ఒక మనిషి పడటం నా జన్మలో అదే మొదలు.

“చూసినవా దొరా?” అన్నాడు. “నా పని పాయెనా?”

“నీ పనెక్కడికి పోతుంది? రేపటి తెప్పలు ఎవరు కట్టిస్తారు?” అన్నాను.

గంగయ్య మొహం అటు తిప్పుకుని ఏడ్చాడు. నాకూ కళ్ళు నిండాయి. డాక్టరు గారు పొడుం పీల్చి ఘనంగా తుమ్మారు. ఆ వారం యజమానికి రాసిన జాబులో, గంగయ్య ఇకమీదట తెప్పలు కట్టించే పెద్ద అని మాత్రమే రాశాను. ఎందుకని ఆయన తిరిగి అడిగితే, పని బాగా చేయిస్తున్నాడని రాశాను. డిపో ఎత్తేసేదాకా గంగయ్య ఆ పనిలోనే ఉన్నాడు.

తర్వాత నేనే ఒక కోత మిల్లు పెట్టుకున్నాను. మొదటి యంత్రంతో పాటే వారానికొకసారి వచ్చే డాక్టర్ని కూడా కుదుర్చుకున్నాను. ఆయన గదికి తలుపు గట్టిది పెట్టించాను. పనివాళ్ళు ఎవరైనా బెదురుతూ నా ముందుకొస్తే, జబ్బు పేరు ఏనాడూ అడగలేదు. “నువ్వు ఏ పని చేయగలవో చెప్పు, అది చూద్దాం” అనేవాణ్ణి. ఆ మాట విని వెంటనే నమ్మినవాళ్ళు తక్కువ. కాసేపు నా మొహంలోకి చూసి, చాలామంది వాళ్ళంతట వాళ్ళే చెప్పేవారు, నేను అడగని ఆ జబ్బేమిటో.