మంగళవారం కంచానికి ధర

మా అమ్మ వండిన అన్నానికి ధర కట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను ఎవరిని తిట్టినా, నన్ను నేను వదిలిపెట్టి తిట్టడం లేదని మీకు తెలియాలి.

మాది కోల్‌కతాలో ఖిదిర్‌పూర్. తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడి ఓడరేవు డాకుల్లో పనికి వచ్చాడు. నాన్న అదే డాకుల్లో క్రేన్ నడిపి, వాళ్లిచ్చిన క్వార్టర్‌లోనే పోయాడు. నేను సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. పొద్దున రెండు బస్సులు మారి వెళ్లి ఎవరెవరివో కంపెనీల లెక్కలు సరిచేసి, సాయంత్రం మళ్లీ రెండు బస్సులు మారి ఇంటికొస్తాను. మా వీధి చివర డాకు కూలీలు ఎప్పుడో పెట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి ఉంది. ఒక గది, ఒక క్యారమ్ బోర్డు, గోడనిండా పాత టీముల ఫోటోలు. కోల్‌కతాలో ఒక లీగులో కింది డివిజన్‌లో ఆడుతుంది. ఆటగాళ్లకి జీతమైతే ఇస్తారు గానీ, ఆ జీతంతో ఈ ఊళ్లో గది అద్దె కట్టి, ఇంటికి పంపి, ఆపైన కడుపు నింపుకోవడం అయ్యే పని కాదు. అందుకే మా దగ్గర వారాలున్నాయి.

పూర్వం చదువు కోసం పరాయి ఊరు చేరిన పిల్లలు రోజుకో ఇంట్లో వారం చేసుకుని తినేవారు కదా. మా తాతల తరం ఆ పద్ధతిని డాకుకి తెచ్చి ఫుట్‌బాల్‌కి తగిలించింది. బయటి ఊళ్ల నుంచి వచ్చి మా క్లబ్బుకి ఆడేవాళ్లకి రోజుకో ఇంట్లో భోజనం. ఏ ఇంటికి ఏ రోజు, ఏ ఆటగాడు అన్న పట్టీ క్యారమ్ బోర్డు పైన గోడకి అంటించి ఉంటుంది. మాది మంగళవారం. మా వంతుకి వచ్చినవాడు గోల్‌కీపర్.

అతనిది సుందర్‌బన్ వైపు ఒక దీవి. ముప్ఫై దాటాయి, భార్యాపిల్లలు అక్కడే ఉన్నారు. అమ్మని మాసీ అంటాడు, అంటే పిన్ని. అమ్మకి బెంగాలీ బాగానే వచ్చు గానీ తన వంటింట్లో మాత్రం తెలుగు తప్ప మాట్లాడదు. అతనికి "ఏటి, ఇంకొంచెం ఎయ్యమంటావా" అన్నది అర్థమవుతుంది, అంతకు మించి అవసరమూ పడలేదు. మొదటి మంగళవారం చింతపండు పులుసులో చేప ముక్కను చూసి ఇదేం అన్యాయం అన్నట్టు మొహం పెట్టాడు. నెల తిరిగేసరికి గిన్నె తనే వంచుకుంటున్నాడు. మర్నాడు మ్యాచ్ ఉంటే అమ్మ పులుసు జోలికి వెళ్లేది కాదు, పప్పూ బంగాళదుంపా పెట్టేది. ఎప్పుడూ మైదానానికి వెళ్లలేదు గానీ, మ్యాచ్ అయ్యాక వీధిలో ఎవరు కనబడ్డా ఒకటే అడిగేది: "మావోడు ఎన్నొదిలేసినాడు?"

నాలుగేళ్లు అలా నడిచింది. అప్పుడు లీగు కొత్త నియమం తెచ్చింది. క్లబ్బుకి వచ్చే రాబడిలో ఇంత వంతుకి మించి ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టకూడదు. మించితే పాయింట్లు కోస్తారు.

నిజం చెప్పాలంటే నాకు ఆ నియమం నచ్చింది. మా జట్టులో వెనక కాపు కాసే స్టాపర్ అంతకు ముందు ఆడిన క్లబ్బు గొప్పలకి పోయి పెద్ద ఆటగాళ్లని తెచ్చుకుని, సీజన్ మధ్యలో చేతులెత్తేసింది. అతనికి రావలసిన ఆరు నెలల జీతం ఇప్పటికీ రాలేదు. ఇలాంటివి ఆగాలంటే ఒక కట్టడి ఉండాలి అని క్లబ్బు గదిలో అందరి ముందూ లెక్చరిచ్చాను. మా చిన్నాన్న ఆ క్లబ్బు సెక్రటరీ. డాకులో పని చేసి రిటైరయ్యాక ఆయనకి ఉన్న ఒకే ఒక్క ఉద్యోగం అది. ఫారం ఇంగ్లీషులో ఉంది కాబట్టి నా చేతికిచ్చాడు.

ఫారంలో ఒక గడి ఉంది. ఆటగాళ్లకి జీతం కాకుండా ఇచ్చే వసతి, భోజనం, ప్రయాణం, వాటి విలువ. మా ఆఫీసులో నేర్చుకున్న మొదటి పాఠం, ఏ గడినీ ఖాళీగా వదలకూడదని. నేను కాగితం పట్టుకుని వారాలు పెట్టే ఇళ్లన్నీ తిరిగాను.

శుక్రవారం వంతు వాళ్లింటి అత్త చేటలో బియ్యం ఏరుతూ నన్ను ఎగాదిగా చూసింది. "అన్నానికి దరేటమ్మా? రేపు మీ అమ్మ సేతికి కూడా బిల్లిత్తావేటి?" అంది.

"ఫారం అడిగింది అత్తా," అన్నాను.

"ఫారానికి ఆకలేత్తందేటి మరి?"

నవ్వేసి వచ్చేశాను. ఎవరూ ధర చెప్పకపోవడంతో బస్‌స్టాప్ దగ్గరి భాత్ హోటల్లో చేప భోజనం రేటు ఎంతో కనుక్కుని, దాన్ని కంచాలతోనూ రోజులతోనూ హెచ్చవేసి గడిలో రాశాను. చిన్నాన్న కళ్లద్దాలు పైకెత్తి ఆ అంకె చూశాడు.

"ఇది రాయాలేటే? క్లబ్బు దీనికి పైసా ఇవ్వలేదు కదా."

"ఇచ్చినా ఇవ్వకపోయినా వాళ్లకి అందింది కదా చిన్నాన్నా. నియమం నియమమే," అన్నాను. ఆ మాట అన్న నా నోటిని ఇప్పుడు తలుచుకుంటే నాకే కంపరంగా ఉంటుంది.

ఆ ఏడు మా వాళ్లు రెండో స్థానంలో ముగించారు. మొదటి రెండు జట్లూ పై డివిజన్‌కి వెళతాయి. వీధిలో మిఠాయిలు పంచారు. అమ్మ గోల్‌కీపర్‌కి మంగళవారం కాకపోయినా పిలిచి పులుసు పెట్టింది. పై డివిజన్‌కి వెళితే అతని జీతం పెరుగుతుంది, ఆ వయసులో గోల్‌కీపర్‌కి అది ఆఖరి అవకాశం. ఆ సంగతి అతను చెప్పలేదు, అతని భార్య అమ్మకి ఫోన్‌లో చెప్పింది.

పది రోజులకి లీగు నుంచి ఉత్తరం వచ్చింది. మీరు ప్రకటించిన భోజనం విలువ కలిపితే ఆటగాళ్ల మీద మీ ఖర్చు హద్దు దాటింది, పాయింట్లు కోస్తున్నాం అని. రెండో స్థానం నుంచి ఐదో స్థానానికి పడిపోయాం. హద్దు దాటించింది నేను రాసిన గడి ఒక్కటే.

ఆఫీసుకి సెలవు పెట్టి చిన్నాన్నని తీసుకుని లీగు వాళ్ల దగ్గరకి వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదస్తుడు. దిది, అంటే అక్కా, అని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నేను ప్రశాంతంగానే మొదలుపెట్టాను. ఆ భోజనం క్లబ్బు ఖర్చు కాదు, ఇళ్లవాళ్లు పెట్టింది, అన్నాను. ఆటగాళ్లకి లాభం అందింది కాబట్టి ఖర్చే, అన్నాడు.

"సరే, ఖర్చే అనుకుందాం. మరి ఆ ఇళ్లవాళ్లు అంత విలువ క్లబ్బుకి ఇచ్చినట్టే కదా. దాన్ని రాబడిలోనూ కలపండి."

"రాబడి బ్యాంకు ద్వారా రావాలి దిది. రశీదు ఉండాలి."

ఒకే కంచంలో అన్నం. ఖర్చు వైపు నుంచి చూస్తే ఉంది, రాబడి వైపు నుంచి చూస్తే లేదు. నా ఉద్యోగమే లెక్కలు. ఇలాంటి లెక్క ఏ కంపెనీ తెచ్చినా మొహాన కొట్టి పంపేదాన్ని.

అప్పటికీ తగ్గి, బస్సులో ఆలోచించుకుని వెళ్లిన మార్గం చెప్పాను. ప్రతి ఇల్లూ భోజనం విలువని క్లబ్బు ఖాతాలో చందాగా వేస్తుంది, క్లబ్బు అదే డబ్బు ఆ ఇంటికి భోజనం ఖర్చుగా కడుతుంది. అంతా బ్యాంకులోనే. అతను తల అడ్డంగా ఊపాడు. అది డబ్బును చుట్టూ తిప్పడమట, ఒప్పుకోరట.

అక్కడ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఏడు మా మీద గెలిచి మొదటి స్థానంలో నిలిచిన జట్టుని ఒక భవనాల కంపెనీ కొనుక్కుంది. ఆ క్లబ్బు చొక్కా మీద ఆ కంపెనీ పేరే, గ్రౌండు చుట్టూ బోర్డుల మీదా అదే పేరు, నీళ్ల సీసాల మీదా అదే. వాటికి ఆ కంపెనీ తన క్లబ్బుకి తానే ప్రకటనల డబ్బు కడుతుంది, ఎంత కావాలంటే అంత. రాబడి పెరుగుతుంది, దాంతోపాటే ఖర్చు హద్దూ పెరుగుతుంది. అది చుట్టూ తిప్పడం కాదా అని అడిగాను.

"అది స్పాన్సర్‌షిప్ దిది. దానికి ఒప్పందం ఉంది, పన్ను కడుతున్నారు. నియమం అందరికీ ఒకటే."

ఒకటేనట. ఉన్నవాడు తన జేబులోంచి తన జేబులోకి వేసుకుని ఎంతైనా తినొచ్చు. లేనివాడు పక్కింటివాళ్లు పిలిచి పెట్టినా తినకూడదు. దీన్ని సమానత్వం అంటూ ఆ మనిషి నాకు టీ కూడా ఇచ్చాడు. అప్పుల్లో పడే క్లబ్బుల్ని కాపాడడానికి పుట్టిన నియమం, ఎవరికీ దమ్మిడీ బాకీ లేని క్లబ్బు మెడ పట్టుకుంది. మా చిన్నాన్న చేతులు ఒళ్లో పెట్టుకుని స్కూల్లో హెడ్మాస్టరు ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. అది చూసి నాకు ఇంకా మండింది.

లేస్తుంటే ఆ అధికారి గొంతు తగ్గించి, జాలిగానే అన్నాడు. "మీరు చాలా నిజాయితీగా నింపారు. అసలు ఆ గడి ఎవరూ నింపరు దిది. ఖాళీగా వదిలేసి ఉంటే మేము అడిగేవాళ్లం కాదు. ఒకసారి రాశారు కాబట్టి ఇక ప్రతి ఏడూ చూడాల్సి వస్తుంది."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చిన్నాన్న ఒక్కటే మాట అన్నాడు. "నాను సెప్పినాను కదే." అంతే. తిట్టినా బాగుండేది.

పాయింట్లు ఎందుకు పోయాయో ఆయన ఆటగాళ్లకి చెప్పక తప్పలేదు. తర్వాతి మంగళవారం గోల్‌కీపర్ మామూలు వేళకే వచ్చాడు గానీ చెప్పులు విప్పలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"తినేసి వచ్చాను మాసీ," అన్నాడు బెంగాలీలో.

"ఎక్కడ తిన్నావు?" అమ్మ మొదటిసారి అతనితో బెంగాలీలో మాట్లాడింది.

"హోటల్లో. నేను తినడం వల్లే కదా పై డివిజన్ పోయింది. ఇక వద్దు మాసీ."

"నీ వల్ల కాదురా బాబూ. ఇదిగో, ఈ గుంట వల్ల," అంది అమ్మ, గరిటె నా వైపు చూపించి, మళ్లీ తెలుగులోకి వచ్చేసి. అతనికి అర్థమైందో లేదో, తల వంచుకుని వెళ్లిపోయాడు. అమ్మ వడ్డించిన కంచం మీద మూత పెట్టింది. రాత్రి పొద్దుపోయేదాకా తియ్యలేదు.

"నీకు సదువు సెప్పించింది ఇందుకేటే?" అని అడిగింది ఆ రాత్రి. నేను నియమం గురించి ఏదో చెప్పబోయాను. "నీ నియమం నాకొద్దు. ఆడి ఆకలి నాకు తెలుసు," అంది.

అతనొక్కడే కాదు, మిగతా ఆటగాళ్లూ ఒక్కొక్కరే మానేశారు. ఎవరూ వద్దని చెప్పలేదు. తమ నోటి అన్నమే జట్టుకి శిక్ష తెచ్చిందని తెలిశాక ఎవరికి దిగుతుంది? శుక్రవారం వంతు అత్త క్లబ్బు గది దాకా వెళ్లి గొడవ పెట్టుకుని వచ్చింది, లాభం లేకపోయింది. క్యారమ్ బోర్డు పైన పట్టీ మాత్రం ఇంకా అలాగే ఉంది. తీసెయ్యమని చిన్నాన్నతో అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు కొన్నిసార్లు గోల్‌కీపర్‌ని భాత్ హోటల్ బల్ల దగ్గర చూస్తుంటాను. నీళ్ల పప్పు, వేలెడంత చేప ముక్క. మా వంటింట్లో గోడకి ఆనుకుని కాళ్లు చాపుకు తిన్న మనిషి, అక్కడ వెనక నిలబడ్డవాళ్ల కోసం గబగబా మింగి లేచిపోతాడు. నేను ఏ రేటు ఫారంలో రాశానో సరిగ్గా ఆ రేటే ఇప్పుడు తన జీతంలోంచి కడుతున్నాడు. ఇంటికి పంపేది అంత మేరకు తగ్గింది. ఇది లీగు వాళ్ల ఏ గడిలోనూ పట్టదు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు.

ఈ ఏడు ఫారం కూడా నేనే నింపాను. ఆ గడిలో భోజనం ఏమీ లేదు అని రాశాను. అబద్ధం రాయాల్సిన పని పడలేదు, అదే నాకు అన్నిటికన్నా ఒళ్లు మండించే విషయం.

మొన్న మంగళవారం చిన్నాన్న ఒక కవరు పట్టుకుని వచ్చాడు. లీగు నుంచి. వరండాలో నిలబడే చదివాను. అమ్మ లోపల పొయ్యి దగ్గరుంది. మంగళవారం ఇప్పటికీ ఒక మనిషికి ఎక్కువే వండుతుంది, వద్దన్నా వినదు, మర్నాడు మేమే ఆ పులుసు తింటాం.

"ఏటి రాసినారు?" అని లోపల్నుంచే అడిగింది.

"నియమాలన్నీ సరిగ్గా పాటించామట. ఖర్చు హద్దులోనే ఉందట. అంతా సక్రమంగా ఉందని రాశారమ్మా."

అమ్మ పొయ్యి కట్టేసి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గోల్‌కీపర్ తినే కంచం ఉంది, అప్పుడే తుడిచినట్టుంది. నన్నూ, నా చేతిలో కాగితాన్నీ మార్చి మార్చి చూసింది.

"అంతా సక్రమంగా ఉంటే, మరి ఆడు ఏడే?"