ఎల్లుండికి రెండు సీతాఫలాలు

ఆదిలాబాద్‌లో చలి మొదలైంది. నా భార్య పోయింది నిరుడు ఈ చలిలోనే. కాలం మారేటప్పుడు మనసు మరింత బరువెక్కుతుందని నేను కలుస్తున్న కౌన్సెలర్ ముందే చెప్పారు. రోజూ సాయంత్రం, మర్నాడు చేయబోయే చిన్న పని ఒక్కటి నోట్‌బుక్‌లో రాసుకోమన్నారు. వారం రోజులుగా తేదీ మాత్రమే రాసి మూసేస్తున్నాను.

ఈ రోజు మార్కెట్లో, మేమెప్పుడూ సీతాఫలాలు కొనే ముసలామె దగ్గర ఆగాను. మా ఆవిడ పోయాక అటు వెళ్లడం ఇదే మొదటిసారి.

"ఇయ్యాలకా, రేపటికా సారూ?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ మా ఆవిడే చెప్పేది. నేను ఒక కాయ నొక్కాను.

"జర మెల్లగ సారూ! అది కాయ, కాలింగ్ బెల్ గాదు. అమ్మ రాలే?"

"లేదవ్వా. నిరుడు చలికాలంల పోయింది."

ఆమె గంపలోంచి నాలుగు కాయలు ఏరింది.

"రెండు ఇయ్యాల తినుండ్రి. గీ రెండు గట్టియి. బియ్యంల పెట్టుండ్రి, ఎల్లుండికి మెత్తవడ్తయి. అమ్మ గిట్లనే తీస్కపోయేది."

ఇంటికొచ్చి ఆ రెండు కాయలూ బియ్యం డబ్బాలో పెట్టాను. నోట్‌బుక్ తెరిచి, రేపటి పనిగా "కాయలు నొక్కి చూడాలి, మెల్లగా" అని రాశాను.

కౌన్సెలర్ దీన్ని పనిగా ఒప్పుకుంటారో లేదో తెలియదు. మీరైతే ఒప్పుకుంటారా?