నాగలి మీద కూర్చునే మనిషి

ఏలియా తాతకు ట్రాక్టరు కింద దూరితేనే ప్రాణం కుదుటపడుతుంది. కాశిబుగ్గలోని తన షెడ్డులో, రామలింగం తెచ్చిన చిన్న ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుని, హైడ్రాలిక్ ఆయిల్ ఎక్కడ కారుతోందో వేలితో తడుముతాడు, వాసన చూస్తాడు, తెలియకుండానే గడ్డానికి పూసుకుంటాడు. చివరికి పైపులన్నీ తుడిచి, భార్య ఏసమ్మ పౌడరు చల్లుతాడు. పౌడరు తడిసిన చోటే లీకు. ఇదివరకు ఆ డబ్బా ముట్టుకుంటే ఏసమ్మ ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు తిట్టే మనిషి ఇంట్లో లేకపోయినా ముసలాయన చిటికెడుకు మించి వాడడు. కూతురి కాన్పుకని బెల్లంపల్లి వెళ్లిన ఏసమ్మ, మనవడు పాకుతున్నా తిరిగి రాలేదు.

తాత అక్కడి రబ్బరు సీలు మార్చాడు. కారడం ఆగింది, ట్రాక్టరు వెనక నాగలి పైకి లేచి నిలబడింది. రామలింగం తాళంచెవికి చెయ్యి చాపాడు.

"ఆగు బిడ్డా, బరువు పెట్టి సూడాలె. ఏసమ్మ గూసోవాలె."

ఎత్తిన నాగలి మీద ఎప్పుడూ ఏసమ్మే కూర్చునేది. అది ఏమాత్రం కిందికి దిగినా వాడంతా వినిపించేలా అరిచేది.

"వాన పడ్డది తాతా, దున్నుకోవాలె. నేనే గూసుంట."

"పుల్ల లెక్కున్నవ్, నీ బరువేందిరా!"

"రెండు వడ్ల బస్తాలేస్త."

"బస్తా నోరు తెరిచి చెప్తదా?"

"మరి అవ్వ ఎప్పుడొస్తది?"

తాత చేతులు తుడుచుకుంటూ బస్సులొచ్చే రోడ్డు వైపు చూశాడు.

"గది నాకెరుకైతే, బండి ఇయ్యాల్నే ఇద్దును గదరా."