ఆయిల్ ఫిల్టరు విప్పిన వేళ

మా మదనపల్లె వీధుల్లో ఈమధ్య కరెంటు స్కూటర్లు ఎక్కువయ్యాయి. వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చి, మోచేతిని రాసుకుంటూ పోయి, "ఏం సార్, సూసుకోని నడవరాదా?" అని మనల్నే అడుగుతాయి (అంటే, వాటిమీద కూర్చున్నవాళ్లు అడుగుతారు). ఊరికి మంచిదే, కాదనను. కానీ చప్పుడు లేకుండా వచ్చేవి ఏవైనా నాకు పడవు. అందుకు కారణం కుప్పంలో ఉంది.

ఆ రోజుల్లో, అంటే మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చి, దాంతో ఏం చెయ్యాలో ఇచ్చినవాళ్లకూ తెలియని రోజుల్లో, నేను పుంగనూరులో ఒక బైకుల షెడ్డులో చేరాను. ఓనరు నన్ను ఎంతో గౌరవంగా చూసేవాడు. అంటే ఏ పనీ చెప్పేవాడు కాదు. ఒకరోజు కుప్పం వైపు నుంచి ఫోను వచ్చింది. అడవి అంచున సేద్యం చేసుకునే ఒక రైతు (మీసాలను బట్టి అందరూ మీసాలప్ప అనేవారు) మూతపడిన ఏదో రిసార్టు నుంచి ఏటీవీ కొన్నాడట. లావు టైర్లు, మోటార్ సైకిల్ హ్యాండిలు, గుట్టలైనా ఎక్కే నాలుగు చక్రాల బండి. దానికి ఆయిలూ, ఆయిల్ ఫిల్టరూ మార్చాలి. "కాలేజీలో సదివినావు గదా, నువ్వే పో" అన్నాడు ఓనరు. కాలేజీలో ఏటీవీ బొమ్మ కూడా చూడలేదని చెప్పడం మర్యాదగా ఉండదనిపించింది.

నేను వెళ్లేసరికి మబ్బు నేలదాకా దిగి తుంపర పడుతోంది. ఇంటి ముందే రాగి చేను కోతకొచ్చి నిలబడి ఉంది. దాని వెనక అడవి ఉండాలి. మంచులో కనిపించడం లేదు. "రేపే కోత" అంది మీసాలప్ప భార్య. "పోయినేడు కోతకు ముందునాడే సామి వచ్చి మొత్తం తినిపోయినాడు. ఈతూరి గింజ దక్కితేనే మాకు ముద్ద. తొందరగా కానీప్పా." సామి అంటే ఏనుగు (ఆ ఇంట్లో దాన్ని ఆ పేరుతో పిలవరు, పిలిస్తే పలుకుతుందని భయం). ఈ బండి మోత వింటే మాత్రం సామి గట్టు దాటడట. అందుకే రోజూ పొద్దు కుంకేముందు బండిని చేను చుట్టూ తిప్పుతారు. ఆ మాట చెప్పి ఆమె వసారాలోకి వెళ్లి కూర్చుంది.

పద్ధతి ప్రకారం ఇంజన్ను కాసేపు తిప్పి, వేడెక్కాక ఆపాను. కింది బోల్టు విప్పితే నల్లటి ఆయిలు బేసినులోకి దిగింది. పక్కనున్న చిన్న మూత విప్పి పాత ఫిల్టరు బయటికి తీశాను. అప్పుడు గమనించాను, బండితోపాటు ఇంకేదో కూడా ఆగిపోయిందని. కప్పలు అరవడం లేదు. కొట్టంలో ఆవు నెమరు మానేసి చెవులు నిక్కించింది. గాలి లేదు. అయినా చేనులో ఒక మూల కంకులు ఊగాయి, వంగాయి, మళ్లీ లేవలేదు. ఇందాక లేని గోడ ఒకటి మంచులో నిలబడి ఉంది. ఆ గోడ ఊపిరి పీల్చింది.

"ఇంజనీరప్పా," అన్నాడు నా పక్కనే కూర్చున్న మీసాలప్ప, దాదాపు గొంతు లేకుండా. "స్టార్ట్ చెయ్."

"ఆయిల్ లేదన్నా. ఇప్పుడు తిప్పితే ఇంజను పట్టేస్తాది. ఫిల్టరు పెట్టాల, మూత బిగించాల, ఆయిలు పొయ్యాల..."

"అంతలోపల ఆడ చేను ఉండదప్పా."

ఫిల్టరు మూతకు పెట్టే రబ్బరు రింగు నా చేతిలోంచి జారి బురదలో పడింది. దానికోసం తడుముకుంటుంటే పక్కన 'డుర్ర్ర్' అని మొదలైంది. తలెత్తితే మీసాలప్ప. చేతులు గాల్లో హ్యాండిలు పట్టుకున్నాయి, మీసాలు అదురుతున్నాయి, నోట్లోంచి బండి వస్తోంది. కళ్లలో మాత్రం నీళ్లు. "సూస్తావేంది, నువ్వూ అందుకో!" నాలుగేళ్ల చదువంతా కూడగట్టుకుని అందుకున్నాను. "అట్ల గాదప్పా, నీది స్కూటర్ మాదిరుండాది. లోపల్నుంచి రానీ!" లోపల భయం తప్ప ఏమీ లేకపోవడంతో అదే డుర్రుమంది.

గోడ ఆగింది. దానికి రెండు చెవులు మెల్లగా విచ్చుకున్నాయి. మమ్మల్ని ఎంతసేపు విన్నదో తెలియదు. నా పెదాలు తిమ్మిరెక్కి, అవి నావో కావో అనుమానం వచ్చింది. ఆ తర్వాత చిన్న చప్పుడైనా లేకుండా గోడ పలచబడి, పలచబడి, మంచు మాత్రం మిగిలింది.

బురదలోంచి రింగు ఏరి, కడిగి, కొత్త ఫిల్టరు పెట్టి, మూత బిగించి, ఆయిలు పోశాను. బండి సొంత గొంతుతో పలికింది. చేను ఒక మూల తప్ప నిలిచే ఉంది. మీసాలప్ప నన్ను వాటేసుకున్నాడు (నా చొక్కాలోని ఆయిలు ఇద్దరికీ సరిపోయింది). ఆయన భుజం మీదుగా అప్పుడు చూశాను. నేను చతికిలబడ్డ చోటికి వెనక, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, తడి మట్టిలో జల్లెడంత గుండ్రటి అడుగు. అందులో నీళ్లు ఇంకా ఊరుతున్నాయి. మేం ఎదుటిదాన్ని బెదిరించినంతసేపూ ఇంకొకటి మా వెనకే నిలబడి వింటూ ఉండింది.

ఇప్పుడు నాకు కుర్చీ ఉద్యోగమూ, దానికి తగిన పొట్టా వచ్చాయి. ఆ బురదలో కూర్చుని డుర్రుమన్న కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. నవ్వుతుండగానే మెడ వెనక చల్లబడుతుంది. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. వసారాలోంచి అంతా చూసిన ఆమె దగ్గరికి వెళ్లి, "ఎనకాల ఇంకోటి ఉండాదని ఒక్క అరుపు అరవరాదా అక్కా?" అన్నాను.

"అరిస్తే నువ్వు సౌండు ఆపేస్తావు గదప్పా. చేను పోతాది" అంది.