వంకకు జీపును సిద్ధం చేసిన మేస్త్రీ

మా మెకానిక్ మేస్త్రీ పోయాడని ఆయన భార్య పొద్దున్నే ఫోన్ చేసింది. "అన్నా, ఆయప్ప నిద్రలోనే పోయినాడు" అంది. మనిషన్నవాడు అయ్యో అనాలి. నేను, "జీపు పని అయిపోయిందామ్మా?" అన్నాను. "నిన్ననే అయిపోయిందన్నా. ఇంకొక్కసారి చూసి నీకు చెప్తానన్నాడు" అంది. నా మాటకు సిగ్గేసింది. ఆయన మాటకు ఒళ్లు మండింది. రెండూ ఇంకా తగ్గలేదు.

మాది గుమ్మఘట్ట పక్క పల్లె. మా ఆవిడకు వారానికి రెండుసార్లు రాయదుర్గంలో డయాలసిస్. దారిలో ఒక వంక ఉంది. పదేళ్లలో తొమ్మిదేళ్లు అందులో గొర్రెలు పడుకుంటాయి. నిరుడు మాత్రం అది పొంగి రోడ్డును ముంచింది. చుట్టుదారి నల్లరేగడి నేల, వానకు ఏ బండీ కదలదు. మూడు రోజులు ఇవతలే ఉండిపోయాం. ఆమె ముఖం ఉబ్బింది, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేది. నీళ్లు దిగగానే నాలుగు చక్రాలూ లాగే పాత డీజిల్ జీపొకటి కొని మేస్త్రీ ముందు పెట్టాను.

"వంక మళ్లా ఎప్పుడొస్తాది?" అన్నాడు.

"నాకేం తెలుసు మేస్త్రీ?"

"మరి తొందరేముండాదప్పా?"

ఆ ఒక్క మాట మీద ఏడు నెలలు గడిపాడు. ఇంజను గాలికి బదులు నీళ్లు మింగితే లోపలి కడ్డీలు వంగిపోతాయని, గాలి పైనుంచి పీల్చేలా గొట్టం పెట్టాలన్నాడు. "మీ చేన్లో ఎండిపోయిన బోరుండాది కదా, ఆ పైపు తీసుకురా" అన్నాడు. నీళ్ల కోసం పాతాళానికి దింపిన పైపును, నీళ్లు తగలకుండా ఆకాశానికి నిలబెట్టాడు. దాని అసలు ఖరీదు నాకొక్కడికే తెలుసు. ఎదురు నీళ్లు ఇంజను మీద పడకుండా జీన్సు ముక్కలు కుట్టించి ముందు తెర కట్టాడు. ఇల్లిల్లూ జీన్సు కుట్టే మా రాయదుర్గంలో నీళ్లకు కరువు గానీ జీన్సు ముక్కలకు కాదు.

ఇక్కడొక మాట. మా వాళ్లకు నీళ్లంటే భయం లేదు. భయపడేంత నీళ్లు ఎప్పుడు చూశాం గనక? ఒకసారి వంక వస్తే మా చిన్నాయన కొడుకు పసుపు కుంకుమ పట్టుకుని ట్రాక్టరుతో సహా ఎదురెళ్లాడు. వంక పసుపు తీసుకుంది, కుంకుమ తీసుకుంది, ట్రాలీనీ తీసుకుంది. వాడు తుమ్మకొమ్మ పట్టుకుని బతికాడు. ఈ కథ చెబితే మేస్త్రీ నవ్వలేదు. "అందుకే నీకింకా జీపు ఇయ్యలేదు" అన్నాడు.

పరీక్షించడానికి నీళ్లేవి? జీన్సు ఉతికే షెడ్డు వెనక గుంతలో నీలం నీళ్లుంటే, నెలల తరబడి చేసిన జీపును ఎండలో నేనే నడుపుకొచ్చి అందులో దింపాను. గట్టు ఎక్కాక మేస్త్రీ ఇరుసు నట్టు విప్పితే ఆయిల్ పాలు పోసిన టీ రంగులో కారింది. లోపలికి నీళ్లు పోయాయన్నమాట.

"గుంతలో తెలిసింది, మంచిదే. మళ్లా విప్పల్ల" అన్నాడు.

"ఇంకెన్నాళ్లు మేస్త్రీ? ఇంట్లో మనిషి పానం మీదికొస్తాంటే!"

"ఆయమ్మ కోసమే కదప్పా విప్పేది. ఎండలో ఉరికొచ్చి ఉన్నపళంగా దింపితివి. ఇరుసు కాలి ఉండాది, సల్లటి నీళ్లు తగిలితే పీల్చుకుంటాది. దప్పిక మీదుండే బండిని నీళ్లలోకి దింపగూడదు. ఒడ్డున నిలబెట్టు, సల్లారనీ."

ఆయన పోయిన మూడో వారం వంక వచ్చింది. ఆరోజే మా ఆవిడ వంతు. ఒడ్డున జనం టెంకాయలు కొడుతున్నారు. జీపును చల్లారనిచ్చి, "నువ్వు నడవలేని నీళ్లలో జీపూ నడవదు" అని ఆయన పదిసార్లు చెప్పి విసిగించిన మాట ప్రకారం, నడుముకు తాడు కట్టించుకుని కర్రతో దిగాను. మోకాలి దాకా వెళ్లేసరికి కర్రకు అడుగు తగల్లేదు. కింద రోడ్డు లేదు, కోసుకుపోయింది.

నాకు ఏడుపొచ్చింది. ఏడు నెలలు, బోరు పైపు, జీన్సు తెర, అన్నీ ఇందుకా?

"ఏందప్పా, ఏనుగు తొండం పెట్టుకోని ఎనక్కి పోతాండావు?" అని ఎవడో అరిచాడు.

"వాన్ని దిగమను, మనం చూస్తాం" అంది మా ఆవిడ లోపలినుంచి. "నువ్వు తిప్పు."

చుట్టుదారి పట్టాం. రేగట్లో టైర్ల గాలి సగం తీసి, చిన్న గేరులో, ఆగకుండా, బ్రేకు ముట్టకుండా వెళ్లమని ఆయన చెప్పినట్టే వెళ్లాను. జీపు పక్కకు జారింది, మూలిగింది, ఆగలేదు. రెండు గంటలు ఆలస్యంగా చేరాం. నర్సమ్మ తిట్టి, పడక చూపించింది.

సాయంత్రం తిరిగి వస్తూ మేస్త్రీ షెడ్డు ముందు ఆపాను. నీళ్లలో దిగనేలేదని ఆయన భార్యకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమె వంగి, ఇరుసు కిందికి చెయ్యి పోనిచ్చి తడిమింది. చెయ్యి వెలుతురుకు పెట్టి చూసుకుంది.

"ఆయిలేం కారలేదన్నా" అంది.

జీపు కదిలింది. రేగడి అంటిన ఆ చేతిని చీరకు తగలకుండా పక్కకు పట్టుకుని, కడుక్కోకుండా, మేము మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.