ఐసుగడ్డ, రెండు డిష్‌లు, ఒక ఫ్యాన్

మా హైస్కూల్లో నేను సైన్సు సారుని. విద్యాశాఖ అధికారి ముందు జరిగిన మోసం మా అటెండరు చేశాడని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. చేసింది నేను.

రెండు పాత టీవీ డిష్‌ల లోపలివైపు వెండి కాగితం అంటించి అద్దాల్లా చేశాం. వాటిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకదాని ముందు ఐసుగడ్డ, రెండోదాని ముందు మసి పూసిన థర్మామీటరు పెట్టాం. ఐసు అంత దూరాన ఉన్నా థర్మామీటరు దిగాలి. ఐసు చల్లదనం అద్దాల మీద పడి వస్తుందని పిల్లలకు చెబుతుంటే అటెండరు అడ్డం వచ్చాడు.

"సల్లదనం యాడొస్తాది సార్? థర్మామీటరులో ఉండే కాకే ఐసు మీదికి పోతాండాది. కొలిమి కాడ పనిచేసినోణ్ని, నాకు ఎరికే."

తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో కొన్నేళ్లు కొలిమి దగ్గర పనిచేసి వచ్చిన మనిషి.

"నువ్వు పోయి బెల్లు కొట్టప్పా," అన్నాను. పిల్లలు నవ్వారు. ఆ సాయంత్రం పుస్తకం తీస్తే అతను చెప్పిందే ఉంది. చూసి మూసేశాను.

అధికారి వచ్చింది ఏప్రిల్‌లో. అటెండరు నా చెవిలో, "ఫ్యాన్ ఆపండి సార్, గాలి తగిలితే దిగదు," అన్నాడు. బళ్లారి ఎండలో వచ్చిన పెద్దమనిషికి చెమట పట్టిస్తామా? మా వైపు మర్యాద అంటే ముందు ఫ్యాన్, తర్వాతే మజ్జిగ. ఆపలేదు. థర్మామీటరు కదల్లేదు.

ఆయన మజ్జిగ తాగుతుండగా థర్మామీటరు గుండుకు తడి దూది చుట్టాను. ఫ్యాన్ గాలికి తడి ఆరేకొద్దీ థర్మామీటరు చకచకా దిగింది. నిజాన్ని చెడగొట్టిన గాలే అబద్ధానికి సాయం చేసింది. చప్పట్లయ్యాక అధికారి దగ్గరికొచ్చి వేలితో తాకారు.

"ఇదేంది, తడిగా ఉండాది?"

"అటెండరు చేసుంటాడు సార్," అన్నాను.

అటెండరు నా వైపు చూసి, ఖాళీ మజ్జిగ గ్లాసు తీసుకుని పోయాడు. అతనిది కాంట్రాక్టు ఉద్యోగం. జూన్‌లో మళ్లీ పిలవలేదు. ఇప్పుడు కంపెనీ బస్సెక్కి పాత కొలిమికే పోతున్నాడు.

మొన్న ఒక ఆదివారం కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, ఒక్కడినే ఆ ప్రయోగం చేశాను. చొక్కా తడిసింది. థర్మామీటరు రెండు డిగ్రీలు దిగింది. సాయంత్రం బస్సు ఆగేచోట అతని కోసం కాచుకున్నాను.

"దిగిందప్పా."

"ఫ్యాన్ ఆపినారా?"

"ఆపినా."

"దూది యవురిదో హెడ్మాస్టరుకు చెప్పినారా?"

"ఇంగా లేదు."

"ఆయన రూములో కూడా ఫ్యాన్ ఆపి చెప్పండి సార్. బాగా ఇనపడతాది."

సోమవారం ఆపే చెప్పాను. హెడ్మాస్టరు మెడ తుడుచుకుంటూ అంతా విన్నారు. "అది సరేగానప్పా, ముందు ఫ్యాన్ ఎయ్యి," అన్నారు.

దూది నాదని, అతన్ని మళ్లీ పనిలోకి తీసుకోమని రాసిన కాగితం ఆయన ముందు పెట్టాను. సంతకం అయ్యేదాకా స్విచ్చుకు అడ్డంగా నిలబడ్డాను.