ఊడ్చిన దుమ్ము

పొద్దున్నే పక్కింటి వాకిట్లో చీపురు గరగరమంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది. ఊడ్చిన నేల చూస్తే అందరికీ ప్రాణం హాయిగా ఉంటుంది. నేను మాత్రం వంగి, దాని మీద చీమ పాకిన గీతైనా ఉందా అని వెతుకుతాను. "నీకేం పిచ్చే?" అని మా అత్త నవ్వుతుంది. ఈ భయాన్ని నాకు అంటించి పోయినవాడు ఓబులేసు చిన్నాయన. ఆయన పోయి రెండేళ్లయింది.

చిన్నాయన మహానంది వెనకాల అడవిలో వాచరు. నేను అక్కడే గేటు దగ్గర సందర్శకులకు గైడుగా చేరాను. సాయంత్రం జీపులన్నీ తిరిగొచ్చాక ఆయన ఆకుల కొమ్మతో దారి మీద కొంతమేర టైర్ల గుర్తులు చెరిపి, దుమ్మును సాపు చేసేవాడు. రాత్రి ఏ జంతువు దాటినా అందులో అడుగులు పడతాయి. పొద్దున గొంతుక్కూర్చుని అవి చూసి, ఆయన చెయ్యి ఊపితేనే గేటు లేచేది. "ఎవురింటికి పోయినా ముందు పిలుస్తాం గదమ్మా. ఈడ పిలిచేకి లేదు, చూసి పోవల్ల" అనేవాడు.

ఒకసారి, లోపలి జలపాతానికి కొత్త దారి తెరవాలా వద్దా అని రేంజరు సారు అందరినీ కూర్చోబెట్టాడు. జీపుల వాళ్లు తెరవమన్నారు. భోజనాలు వండే పొదుపు సంఘం ఆడవాళ్లదీ అదే మాట. "మా మేకలకు వద్దన్న అడివి, జీపులకు ఎట్ల బాగైతాదప్పా?" అని మేకల కాపరి ఒకాయన అడిగాడు. నేనూ తెరవమనే అన్నాను. జనం వస్తేనే నా ఉద్యోగం నిలుస్తుంది. చిన్నాయన చివర్లో లేచి, "జలపాతం నీళ్లు పారే ఆ వంక కాడ పులి పిల్లల్ని పెట్టిండాది. మనుసులు పోతే దానికీ మంచిది కాదు, మనకీ కాదు" అన్నాడు. రోజుకు రెండు జీపులు, అదీ దుమ్ము చూశాకే అని తేల్చారు. అందరి పానాలూ తన కండ్ల మీద పెట్టినారని ఆయన గొణుక్కుంటూ వెళ్లాడు.

ఆ కళ్లే చూపించుకోవడానికి ఒకనాడు కర్నూలు ఆసుపత్రికి పోతూ కొమ్మ నా చేతికిచ్చాడు. సాయంత్రం ఆ దారిలో ఒంటరిగా నిలబడితే, ఎండుటాకు కదిలినా వెనక్కి తిరిగి చూశాను. ఊడ్వకుండానే ఇంటికి పారిపోయాను. చెబితే ఆడదానికి ఈ పనెందుకంటారని నోరు మెదపలేదు. పొద్దున వెళ్లేసరికి నిన్నటి టైర్లు, చెప్పుల గుర్తులు కలగాపులగంగా ఉన్నాయి. నా బండారం బయటపడుతుందని అప్పటికప్పుడు గబగబా ఊడ్చేశాను. జలపాతానికి పోయే జీపులో నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. చెయ్యి ఊపాను.

కాసేపటికే చిన్నాయన బస్సు దిగాడు. జీపు టైర్ల గుర్తుల పక్కన మిగిలిన దుమ్ము దగ్గర కూర్చుని ఎంతకీ లేవలేదు.

"ఏమమ్మా, రేత్రంతా ఒక పురుగు గూడా నడ్సలేదా?"

నేను కొమ్మను వెనక దాచుకున్నాను.

"ఎప్పుడు ఊడ్సినావు?"

"ఇప్పుడే, చిన్నాయనా."

ఆయన తిట్టలేదు. పరుగెత్తాడు. వెనకాలే నేను.

వంక దగ్గర జీపు ఆగి ఉంది. పిల్లలు నీళ్లలో ఆడుతున్నారు. అవతలి గట్టు పొదల్లోంచి గుర్రుమని శబ్దం వచ్చింది. చిన్నాయన నీళ్లలోకి దిగి, పిల్లలకూ గట్టుకూ మధ్య నిలబడ్డాడు. "పరిగెత్తొద్దండి. అట్లే చూస్తా ఎనక్కి నడ్సండి" అన్నాడు మెల్లగా. అందరూ జీపెక్కేదాకా ఆయన కదల్లేదు.

"నాకు భయమైంది చిన్నాయనా, అందుకే..." అన్నాను, తిరిగి వస్తూ ఏడుస్తూ.

"భయమైతే భయమని చెప్పల్ల. నాకు ముప్పై ఏండ్లుగా దినామూ భయమే. అందుకే గదా ఊడ్సేది."

రేంజరు సారు ముందు నేనే ఒప్పుకున్నాను. కొత్త దారి మూసేశారు. నా ఉద్యోగం చిన్నాయన మాట మీద నిలిచింది కానీ, జీపుల వాళ్లు చాలాకాలం నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ కొమ్మ నా చేతికొచ్చింది. జలపాతం దారి మళ్లీ తెరవమని అడుగుతున్నారు. ఇన్నాళ్లూ ఏమీ జరగలేదు కదా అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా, పురుగు కూడా నడవని ఆ దుమ్ము కళ్లముందుకొచ్చి ఒళ్లు చల్లబడుతుంది. సాయంత్రం ఊడ్వడానికి బయల్దేరేముందు జీపు డ్రైవరును పిలుస్తాను. అందరూ వినేలాగే పిలుస్తాను.

"నాకు భయమైతాందన్నా, తోడు రా."